బేరాలక్క అడిగిన ధర

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటుంది. అది బ్యాంకు పుస్తకంలోనూ కరెంటు బిల్లు మీదా భద్రంగా ఉంది. వీధికి మాత్రం ఆవిడ బేరాలక్క. తనకంటే పెద్దవాళ్ళకీ అక్కే, చిన్నవాళ్ళకీ అక్కే. ఎవరింట్లో మంచం కొనాలన్నా, మిక్సీ కొనాలన్నా, ఆఖరికి గుమ్మం ముందు వేసుకునే పట్టా కొనాలన్నా ముందు ఆవిడ గడప తొక్కాల్సిందే. "అక్కా, ఒక్క గంట వస్తావా" అంటే చాలు, మిషన్ మీద సగం కుట్టిన కర్టెన్ అలాగే వదిలేసి చెప్పులేసుకుంటుంది. కూలీ లేదు, కమీషన్ లేదు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడని మొగుడు వేళాకోళం చేస్తే, "నీకేం తెలుసు, ఇదో దురద" అనేసి వెళ్ళిపోతుంది.

ఆ విద్య అందరికీ అబ్బేది కాదు లెండి. కొట్లో అడుగుపెట్టగానే మనక్కావలసిన వస్తువు వైపు చూడకూడదు. పక్కనున్న పనికిమాలినదాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరవాలి. పోతూ పోతూ, ఏదో గుర్తొచ్చినట్టు "అదెంత" అనాలి. వాడు వంద అంటే మనం నలభై అనాలి; సగం అన్నామో, అలుసైపోతాం. వాడు గుండె మీద చెయ్యి పెట్టుకుంటాడు, పిల్లల మీద ఒట్టేస్తాడు. వేసుకోనీ. మనం నోరు మూసుకుని వెనక్కి తిరిగి నడవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగులో వాడు పిలుస్తాడు. అప్పుడు వాడో మెట్టు దిగుతాడు, మనమో మెట్టు ఎక్కుతాం. "బేరములాడరాదు" అని బోర్డు వేలాడదీసిన కొట్లో, సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి ఇనప బీరువాని మూడోవంతు తగ్గించి తెచ్చిన మనిషి ఆవిడ. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది, అది వాళ్ళ మేనత్త నేర్పింది. మనసులో ఉన్న అంకె కట్టుకున్నవాడికైనా చెప్పకూడదు. చెబితే అది మొహంలోకొస్తుంది, మొహంలోకొస్తే కొట్టువాడు చదివేస్తాడు.

"బేరమాడకుండా తెచ్చుకున్నది ఈయన్నొక్కణ్ణే, అందుకే నష్టపోయాను" అని నలుగురిలో అంటుంది. ఆ మాటకి ముందు నవ్వేది ఆయనే. నవ్వేవాడు, అనాలేమో. ఈ మధ్య ఆ మాట ఆయనకి వినపడటం లేదు.

ఆయన బస్సుల డిపోలో మెకానిక్. అక్కడ ఆయన పేరు చెవి మేస్త్రీ. ఊరికే రాలేదు ఆ పేరు. బండి స్టార్ట్ చేయించి, మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ కొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవి కింద ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటాడు. అర నిమిషం. కళ్ళు తెరిచి, "మూడో వాల్వు" అనో, "వాటర్ పంపు బేరింగు, ఇంకో వారం ఆగుతుంది" అనో చెబుతాడు. విప్పి చూస్తే అదే. ముప్పై ఏళ్ళలో ఆ చెవి తప్పు చెప్పిన బండ్లని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఇంజన్ల పక్కనే ముప్పై ఏళ్ళు చెవులు పెట్టుకు కూర్చుంటే అవి మాత్రం ఎన్నాళ్ళుంటాయి? మెల్లగా తగ్గడం మొదలెట్టాయి.

మొదట్లో ఇంట్లో అదో తమాషా. ఒక పొద్దున వంటగదిలోంచి ఆవిడ "పాలు విరిగాయయ్యా" అంటే, ఆయన సగం గీసుకున్న గడ్డంతో పరిగెత్తుకొచ్చి "కాలు విరిగిందా, ఎవరిది" అన్నాడు. ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. తర్వాత నవ్వులు తగ్గాయి. ఆయనతో ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అని దెప్పడం ఆవిడకి పెళ్ళైనప్పటినుంచీ ఉన్న అలవాటు. ఒకరోజు ఆ మాట సగంలో ఉండగా నాలుక కరుచుకుంది. అప్పట్నుంచి ఆ సామెత ఆ ఇంట్లో లేదు.

ఆ తర్వాత డిపోలో జరిగింది. మేస్త్రీ చెవిపెట్టి "బంగారంలా ఉంది, వెళ్ళనీ" అన్న బండి, గంట దూరం పోయాక బేరింగు పట్టేసి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, యాభై మంది రెండు గంటలు ఎండలో నిలబడ్డారు. మేనేజరు మంచివాడే. గదిలోకి పిలిచి, తలుపేసి, కాగితం మీద రాసి మరీ చూపించాడు. వచ్చే నెల ఇరవై ఎనిమిదిన చెవి పరీక్ష. చెవిలో మిషన్ పెట్టుకుని విన్నా సరే, వినపడితే చాలు. వినపడకపోతే వాషింగ్ షెడ్డు. అంటే గొట్టం పట్టుకుని బస్సులు కడగడం. జీతం కాస్త తగ్గుతుంది, ఉద్యోగం పోదు. కానీ షెడ్డులో గొట్టం పట్టుకున్నవాణ్ణి ఎవడైనా చెవి మేస్త్రీ అంటాడా? ఆ రోజు ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్‌ని గుడ్డతో తుడిచి, తలుపు వెనక మేకుకి తగిలించాడు.

ఆసుపత్రిలో చెవులు చూసే అమ్మాయి ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టి, గీతలు గీసి, చివరికి చీటీ మీద ఒక మిషన్ పేరు, నంబరు రాసిచ్చింది. "చవకరకాలు కొనకండమ్మా, అవి రొద పెంచుతాయి అంతే. ఇదే కొనండి. షాపుల్లో చాలా ఎక్కువ, ఆన్‌లైన్‌లో ధర ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, కనిపెట్టుకుని ఉండండి. తెచ్చాక నేను చెవికి సరిచేస్తాను. ఒకటే గుర్తుంచుకోండి, అది పెట్టుకున్నాక చెవి అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది." పార్సిలు రావడానికో వారం, అలవాటుకి రెండు వారాలు. ఇరవై ఎనిమిది నుంచి వెనక్కి లెక్కేస్తే, వచ్చే నెల ఏడో తారీకు లోపు కొనాలి. చేతిలో నెల మీద రెండు రోజులున్నాయి.

ఆన్‌లైన్‌లో దాని ధర ఇరవై నాలుగు వేలు. ఆవిడ బొత్తాల డబ్బాలో దాచిపెట్టినవి పంతొమ్మిది. చేబదులు అడగడానికి మిగిలిన గడప లేదు. పోయినేడు ఇల్లు కారితే పైకప్పు రేకులు వేయించినప్పుడే అన్ని గడపలూ తొక్కేశారు. అయినా ఆవిడ బెదరలేదు. ఇరవై నాలుగుది పంతొమ్మిదికి తేవడమా, అదీ ఒక బేరమేనా? మేస్త్రీ కూడా డిపోలో ధైర్యంగా చెప్పుకున్నాడు, "మా ఆవిడ అడిగితే తగ్గనివాడు ఇంకా పుట్టలేదు" అని.

ఇక్కడ తోడికోడలి సంగతి చెప్పాలి. మేస్త్రీ తమ్ముడి పెళ్ళాం. పార్సిల్ ఆఫీసులో కౌంటరు మీద పని. మంచి పిల్ల, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరింటికి ఏ పార్సిలొచ్చిందో సాయంత్రానికి వీధంతా తెలియాల్సిందే. ఆదివారం పొద్దున వచ్చి, బేరాలక్క ఫోనులో ఏదో యాప్ దించి, చీటీ చూసి మిషన్ బొమ్మ వెతికి పట్టుకుంది.

"ఇది దానిమీద కన్నేసి ఉంచుతుంది అక్కా. రోజూ మనం చూసుకోనక్కర్లేదు. ధర తగ్గగానే గంట కొట్టి చెబుతుంది. ఎంతకి తగ్గితే చెప్పమంటావో ఇక్కడ కొట్టాలి."

తెర మీద ఖాళీ గడి, దానిపైన "మీరు కోరుకునే ధర?" అని ఉంది. బేరాలక్క అది రెండుసార్లు చదివింది. చదివి, తృప్తిగా వెనక్కి జారగిలబడింది. ఇదీ బజారే అన్నమాట. అడుగుతున్నాడుగా.

"పది వేలు కొట్టు."

తోడికోడలి వేలు ఆగిపోయింది. "పదా అక్కా? ఇది ఆ ధరకి గానీ, అంతకంటే తక్కువకి గానీ దిగితేనే మోగుతుంది మరి."

"అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు కొట్టవే."

ఆ పిల్ల ఏదో అనబోయింది. పైకప్పు రేకుల వైపొకసారి చూసింది, మేకుకి వేలాడుతున్న స్క్రూడ్రైవర్ వైపొకసారి చూసింది, తలొంచుకుని పది వేలు కొట్టింది. "మీ అలర్ట్ నమోదైంది" అంది ఫోను. "రాసుకోనీ. నాలుగు రోజులు పోనిచ్చి వాడే పిలుస్తాడు" అంది బేరాలక్క. ఆ పిల్ల టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ గంటకి తక్కువ కూర్చోని మనిషి. బేరాలక్కకి అప్పుడది తట్టలేదు.

నాలుగు రోజులు పోయాయి. ఫోను కుట్టుమిషన్ పక్కనే, దారపు రీళ్ళ మధ్య, బెల్లం కొట్టిన రాయిలా పడి ఉంది. బెట్టు చేస్తున్నాడనుకుంది. వారం పోయింది. గట్టివాడేననుకుంది. మేస్త్రీ ఒకసారి ఫోను తీసి బొమ్మ చూడబోతే చేతిలోంచి లాగేసుకుంది. "చూడకు. మనం చూస్తున్నట్టు తెలిస్తే ఎక్కి కూర్చుంటాడు" అని చేత్తో సైగలు చేసి చెప్పింది. తనూ చూడలేదు. కావలసినదాని వైపు చూడకూడదన్నది ఆవిడ మొదటి పాఠం కదా.

రోజూ సాయంత్రం డిపోనుంచొచ్చి, చెప్పులు విప్పుతూనే ఆయన అడిగేవాడు.

"తగ్గిందా?"

"తగ్గలేదు."

"ఆ?"

"తగ్గలేదయ్యా, తగ్గలేదు" అని ఆవిడ అరిచేది. ఆ అరుపులు గోడ దాటి పక్కింటావిడకి వినపడి, పాపం, మేస్త్రీకి జ్వరం తగ్గట్లేదనుకుంది. మూడోరోజు గోడమీంచి మాత్రలు కూడా అందించింది. ఇంట్లో తగ్గుతున్నది ఏదైనా ఉందీ అంటే అది ఆయన వినికిడి ఒక్కటే. తలుపు కొట్టినా తెలియడం మానేసింది. కుక్కర్ కూత పోయింది. ఒకరోజు ఆవిడ వెనకనుంచి భుజమ్మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, ఆమె ఎవరో తెలియనట్టు చూశాడు. ఆ చూపు ఆవిణ్ణి రెండు రోజులు వెంటాడింది.

మూడోవారంలో ఆవిడ మనసు కాస్త మెత్తబడింది. పదిని పన్నెండు చేద్దామా అనుకుంది. ఫోను చేతిలోకి కూడా తీసుకుంది. కానీ అవతలివాడు ఒక్క మెట్టూ దిగకుండా మనంతట మనమే ఎక్కితే నవ్విపోరూ? పిలవని కొట్టుకి తిరిగి వెళ్ళడం ఆవిడ జన్మలో లేదు. ఫోను మళ్ళీ రీళ్ళ మధ్య పెట్టేసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఏడో తారీకు వచ్చింది. పొద్దున మేస్త్రీ డిపోకి వెళ్ళబోతూ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆయన వీధి మలుపు తిరిగాక, ఆవిడ బొత్తాల డబ్బా సంచిలో వేసుకుని పార్సిల్ ఆఫీసుకి నడిచింది. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలి. అవసరమైతే పంతొమ్మిది దాకా ఎక్కేద్దాం, ఇక బెట్టు వద్దు అనుకుంది.

కౌంటర్లో తోడికోడలు అట్టపెట్టెకి టేపు చుడుతోంది. ఫోను బల్లమీద పెట్టింది బేరాలక్క.

"ఏమిటే ఇది? నెల దాటిపోయింది, ఒక్కసారైనా నాకు బదులు చెప్పలేదు. పోనీ పదిహేనుకిస్తా, ఇరవైకిస్తా అనొచ్చుగా?"

"ఎవరు అక్కా?"

"అదే, వాడు."

టేపు చుట్టే చెయ్యి ఆగింది. "అక్కడ వాడెవడూ లేడక్కా. మనం అడిగింది అవతల ఎవరికీ తెలియదు. పది వేలకి దిగితే మోగమన్నాం, దిగలేదు కాబట్టి మోగలేదు. అంతే."

బేరాలక్క విన్నది. విన్నది గానీ కాసేపు లోపలికెక్కలేదు. నెల రోజులుగా తను వెనక్కి తిరిగి నడిచింది ఎవరి ముందు మరి? పిలుస్తాడని చెవులు రిక్కించింది ఎవరి కోసం? అవతల కొట్టే లేదు.

"సరే. ఇప్పుడెంతుంది?"

తోడికోడలు చూసింది. "ఇరవై ఏడున్నర."

ధరతోపాటు కింద ఒక గీత కూడా కనపడింది. నెల రోజుల ధర ఎలా నడిచిందో చూపించే గీత. గదిలో నేలలా తిన్నగా పోతూ పోతూ, ఒకచోట గొయ్యి తవ్వినట్టు కిందికి దిగి, మళ్ళీ పైకెక్కింది. బేరాలక్క ఆ గోతి మీద వేలు పెట్టింది.

"ఇదేమిటి?"

ఆ పిల్ల మళ్ళీ టేపు చుట్టడంలో పడింది.

"నిన్నే అడిగేది. ఏమిటిది?"

"పోయిన నెల మూడోవారంలో అక్కా. పద్దెనిమిదిన్నరకి దిగింది. మూడు రోజులుంది."

తను పదిని పన్నెండు చేద్దామా వద్దా అని ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న వారం అది. డబ్బాలో పంతొమ్మిది ఉన్నాయి. ఇంకా అయిదొందలు మిగిలేవి.

"నీకు తెలుసా?"

"చూశానక్కా. మా ఫోనులో కూడా పెట్టుకున్నాను, బావగారి సంగతి కదాని." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ దగ్గర పదే ఉన్నాయనుకున్నాను. ఆ రోజు నువ్వు పది అనగానే నాకు ఎలాగో అయిపోయింది. రేకులకే అంతా పోయిందేమో అనుకున్నా. పద్దెనిమిదికి దిగిందని చెబితే, కొనలేక ఇంకా బాధపడతావని... నా దగ్గరా లేవు ఇద్దామంటే. అందుకే చెప్పలేదు."

పుట్టి బుద్ధెరిగి ఆ పిల్ల దాచుకున్న మాట అదొక్కటే. దాన్ని ఏమని తిట్టాలి? మనసులో అంకె కట్టుకున్నవాడికైనా చెప్పకూడదన్న మేనత్త పోయి పదేళ్ళయింది, ఆవిణ్ణి ఏమనాలి? బేరాలక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వెనక ఎవరో పార్సిల్ ఇవ్వడానికొచ్చి దగ్గారు.

"పంతొమ్మిది కొట్టు" అంది చివరికి. జీవితంలో మొదటిసారి మనసులో అంకె నోటివెంట వచ్చింది. వచ్చేసరికి దాని గొంతు చాలా చిన్నదైపోయింది. "పంతొమ్మిది వేలే ఉన్నాయి నా దగ్గర."

"ఇప్పుడా అక్కా? మళ్ళీ దిగడానికి ఎన్ని నెలలు పడుతుందో."

"కొట్టు."

కొట్టింది. "మీ అలర్ట్ నమోదైంది" అంది ఫోను, మొదటిసారి అన్నట్టే. ఆవిడ సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఐదో అడుగులో వెనకనుంచి తోడికోడలు "అక్కా" అని పిలిచింది. ఆవిడ ఆగలేదు.

సాయంత్రం ఆవిడ కర్టెన్ ముందేసుకుని ఊరికే కూర్చుంది. మేస్త్రీ వచ్చి, అడక్కుండానే కుట్టుమిషన్‌కి నూనె వేయడం మొదలెట్టాడు. చక్రం తిప్పుతూ, అరచెయ్యి మిషన్ ఒంటికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చెవి వినడం మానేశాక చేత్తో వినే ప్రయత్నం చేస్తున్నాడు పాపం. ఆయన్నలా చూస్తూ ఆవిడ ఇంక ఉండబట్టలేకపోయింది. చెప్పేయాలి. ఇది దాచుకునే మాట కాదు. కానీ మెల్లగా చెప్పాల్సిన మాట, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన మాట. జరిగి దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచి ఆవిడ పెదాల వైపు చూశాడు.

"తగ్గిందయ్యా" అంది. "పోయిన నెలలో తగ్గింది. నేనే..."

"తగ్గిందా?"

ఆవిడ తలూపింది. తగ్గిన మాట నిజమే కదా. "తగ్గి మళ్ళీ పెరిగిపోయిందయ్యా. నేను పది దగ్గరే కూర్చున్నాను. మనకి అందే ధరకే వచ్చింది, నేను చూసుకోలేదు" అని తలొంచుకుని, ఆ నూనె చేతిని నిమురుతూ మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. తప్పంతా తనదేనని చెప్పింది. తోడికోడలి మాట మాత్రం రానివ్వలేదు. చెప్పడం అయిపోయాక ఆయన చెయ్యి తన చేతిలో లేదని చూసుకుంది.

మేస్త్రీ అప్పటికే లేచిపోయాడు. తలుపు వెనకనుంచి స్క్రూడ్రైవర్ తీసి, చొక్కాకే ఒకసారి తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్ళాడు. వినపడనివాళ్ళ గొంతు ఎలా ఉంటుందో తెలుసుగా, వీధి వీధంతా మోగింది. "తగ్గిందమ్మా, తగ్గించింది మా ఆవిడ. నేను చెప్పలేదూ?"

"హమ్మయ్య, తగ్గిందా" అంది పక్కింటావిడ, గోడమీంచి తల పైకెత్తి. "ఎన్నాళ్ళనుంచో పాపం."

ఆయన లోపలికొచ్చి సంచిలోంచి బొత్తాల డబ్బా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. మూడు వారాలుగా చూడని నవ్వు ఆ మొహం నిండా ఉంది. "ఎప్పుడొస్తుందే? ఇరవై ఎనిమిది లోపు అలవాటైపోతుందంటావా?"

పక్కింటావిడ ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది. బేరాలక్క నోరు తెరిచింది. చెప్పింది కూడా, గోడ దాటనంత మెల్లగా.

"గట్టిగా చెప్పవే, వినపడట్లేదు" అన్నాడు మేస్త్రీ నవ్వుతూ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి.